చెన్నపట్నం వీధుల్లో ప్రపంచ చరిత్ర: మీరు తరచుగా అడిగే ప్రశ్నలు

నెలకో ఆదివారం పొద్దున్నే చెన్నైలో ఉంటున్న తెలుగు కుటుంబాలను వెంటబెట్టుకుని కోట, పారిస్ కార్నర్, మెరీనా చుట్టూ తిప్పుతుంటాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది హైదరాబాదు, విజయవాడ, నెల్లూరు నుంచి ఉద్యోగాలకని వచ్చినవాళ్లు. కొందరు మూడు నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్న మద్రాసు తెలుగువాళ్లు. ఎవరొచ్చినా సందేహాలు మాత్రం దాదాపు అవే. మధ్యలో ఎండలో నిలబెట్టి అన్నీ వివరంగా చెప్పలేను, హడావిడిగా చెబితే నాకు మనసొప్పదు. అందుకే రాసిపెట్టాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా ఫర్వాలేదు, దేనికది విడిగా అర్థమవుతుంది.

## బయల్దేరే ముందు

ప్రపంచ చరిత్ర అంటే రోము, పారిస్, లండన్ కదండీ. చెన్నైలో చూడ్డానికి ఏముంటుంది?

ఇది ఓడలు వచ్చిపోయే ఊరు. ఎక్కడో వియన్నాలో సింహాసనం కోసం గొడవైతే ఇక్కడ కోట చేతులు మారింది. అమెరికా చెరువుల్లోని మంచుగడ్డలు, ఇరాన్‌లో స్థిరపడ్డ ఆర్మేనియన్ వర్తకులు, జర్మనీ యుద్ధనౌక, చైనా చక్రవర్తి వద్దన్న కొలత గొలుసు, అన్నీ ఈ తీరానికే చేరాయి. పుస్తకంలో తేదీలుగా చదివి మర్చిపోయేవి ఆ గోడ పక్కన నిలబడి వింటే గుర్తుండిపోతాయి. ఇన్నేళ్లుగా నేను చూస్తున్నది అదే.

ఈ ఊరి చరిత్రలో మన తెలుగువాళ్లకు సంబంధం ఉందా?

మొదటి రోజు నుంచీ ఉంది. ఈస్టిండియా కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో వ్యాపారం మొదలుపెట్టింది. తర్వాత నెల్లూరు తీరంలోని దుగరాజపట్నంలో చిన్న కోట కట్టుకుంది. ఆ చోటు కుదరక కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే ఇంకా దక్షిణానికి వచ్చి వెతికాడు. 1639 ఆగస్టు 22న ఈ ఇసుక నేలను కంపెనీకి ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదనే చెన్నపట్నం అయింది. ఆ బేరసారాల్లో దుబాసీగా, అంటే ఒకరి మాట ఇంకొకరికి వాళ్ల భాషలో చెప్పేవాడిగా నిలబడిన బేరి తిమ్మన్న కూడా తెలుగువాడే. ఈ పేర్లు మన పిల్లలకు తెలియకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

చిన్నపిల్లల్ని తీసుకురావచ్చా? ఏమేం తెచ్చుకోవాలి?

ఎనిమిదేళ్లు దాటితే హాయిగా తీసుకురండి. టోపీ, నీళ్ల సీసా, పెద్దవాళ్లకు గుర్తింపు కార్డు తప్పనిసరి. కోటలోనే సెక్రటేరియట్ ఉంది కాబట్టి గేటు దగ్గర తనిఖీ ఉంటుంది. మీరే విడిగా వెళ్లాలనుకుంటే కోట మ్యూజియంకు శుక్రవారం సెలవని గుర్తుంచుకోండి.

## సెయింట్ జార్జి కోటలో

అమెరికాలోని యేల్ యూనివర్సిటీ పేరు మద్రాసు గవర్నరుదేనా?

అవును. ఎలిహు యేల్ బోస్టన్‌లో పుట్టి, 1672లో కంపెనీ గుమాస్తాగా మద్రాసు వచ్చాడు. 1687 నుంచి 1692 దాకా గవర్నరు. కోటలోని సెయింట్ మేరీస్ చర్చి 1680లో తెరిచారు. అక్కడి రిజిస్టరులో నమోదైన మొట్టమొదటి పెళ్లి అతనిదే, అదే ఏడాది నవంబరు 4న. కంపెనీ జీతం తక్కువ, సొంత వ్యాపారం ఎక్కువ. వజ్రాల్లో బాగా సంపాదించాడు. ఆఖరికి అవినీతి ఆరోపణల మీద పదవి పోయింది.

1718లో కనెటికట్‌లోని ఒక చిన్న కాలేజీ సాయం అడిగితే 417 పుస్తకాలు, జార్జి రాజు బొమ్మ, తొమ్మిది మూటల సరుకు పంపాడు. ఆ సరుకు అమ్మితే 562 పౌండ్లు వచ్చాయి. కాలేజీకి అతని పేరు పెట్టారు.

ఇక్కడ ఇంకో మాట చెప్పకుండా ఊరుకోలేను. యేల్ కాలంలో మద్రాసు నుంచి మనుషులను బానిసలుగా ఓడలెక్కించి పంపారు. పెళ్లి రిజిస్టరు, విరాళం కథ చెప్పి ఇది దాచేస్తే పిల్లలకు సగమే చెప్పినట్టు. పదేళ్ల పిల్లలున్నా చెబుతాను. వాళ్లు శ్రద్ధగానే వింటారు.

మద్రాసును కెనడాలో ఒక కోటకు మార్పిడి చేశారంటారు. కట్టుకథ కాదు కదా?

కాదు, సంధి పత్రంలో జరిగిన మార్పిడి. 1740లో ఆస్ట్రియా సింహాసనం మరియా థెరీసాకు దక్కాలా వద్దా అన్న గొడవతో ఐరోపాలో యుద్ధం మొదలైంది. ఇంగ్లండు, ఫ్రాన్సు ఎదురెదురు పక్షాల్లో నిలిచాయి. 1745లో అమెరికాలోని న్యూ ఇంగ్లండు సేనలు కెనడా తీరంలో ఫ్రెంచివాళ్ల లూయిబర్గ్ కోటను గెలిచాయి. 1746 సెప్టెంబరులో ఫ్రెంచి నౌకాధిపతి లా బూర్దొనే మద్రాసును పట్టుకున్నాడు. అప్పుడిక్కడ గుమాస్తాగా ఉన్న రాబర్ట్ క్లైవ్ మారువేషంలో కడలూరు దగ్గరి కోటకు పారిపోయాడు.

1748లో ఎక్స్-లా-షపెల్ సంధి కుదిరింది. లూయిబర్గ్ ఫ్రాన్సుకు, మద్రాసు ఇంగ్లండుకు. ప్రాణాలొడ్డి గెలిచిన కోటను ఎవరికీ తెలియని ఊరి కోసం వదిలేశారని న్యూ ఇంగ్లండు జనానికి కోపం వచ్చింది. మన వైపు నుంచి చూడండి: ఈ కోట చుట్టూ నేసేవాళ్లు, పడవలు నడిపేవాళ్లు, దుబాసీలు వేలమంది బతుకుతున్నారు. వాళ్లనెవరూ ఒక్క మాట అడగలేదు. 1749లో జెండా మళ్లీ మారింది, అంతే.

అడయారు యుద్ధం ఎందుకంత ముఖ్యమైనదంటారు?

1746లో మద్రాసు ఫ్రెంచివాళ్ల చేతికి వచ్చాక, తనకు అప్పగించలేదని ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్ కొడుకు మహఫూజ్ ఖాన్‌ను సుమారు పదివేల సైన్యంతో పంపాడు. అడయారు నది దగ్గర ఎదురైన ఫ్రెంచి దళం వెయ్యికి లోపే, అందులోనూ ఎక్కువమంది ఇక్కడి సిపాయిలే. వరసల్లో నిలబడి ఆగకుండా కాల్చే కవాతు ముందు నవాబు సైన్యం నిలవలేకపోయింది. చిన్న దళమైనా కవాతు నేర్పితే చాలునని ఐరోపా కంపెనీలకు అర్థమైంది ఆ రోజే. తర్వాతి వందేళ్ల చరిత్రకు బీజం అక్కడ పడిందని నా అభిప్రాయం.

అమెరికాలో ఓడిపోయిన కార్న్‌వాలిస్ విగ్రహం ఇక్కడెందుకు ఉంది?

1781లో యార్క్‌టౌన్‌లో జార్జి వాషింగ్టన్ సేనకు లొంగిపోయినవాడే 1786లో ఇండియాకు గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. 1791లో బెంగళూరు కోటను పట్టుకున్నాడు, 1792లో టిప్పు సుల్తాను మీద సంధి రుద్దాడు. టిప్పు ఇద్దరు పిల్లలను జామీనుగా అప్పగించిన దృశ్యం విగ్రహం పీఠం మీద చెక్కారు. మ్యూజియంలో పైకి చూసి వెళ్లిపోకండి, వంగి ఆ పీఠం చూడండి.

పిట్ వజ్రాన్ని ఒక బానిస కాలు కోసుకుని అందులో దాచి తెచ్చాడన్నది నిజమేనా?

కాలు కోసుకున్న కథకు గట్టి ఆధారం లేదు. రుజువున్న సంగతే కావలసినంత ఆశ్చర్యంగా ఉంటుంది. కృష్ణా ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే ఆ రాయి ముడిగా 410 కేరట్లు. మద్రాసు గవర్నరు థామస్ పిట్ 48,000 వరహాలకు కొన్నాడు. లండన్‌లో సాన పట్టిస్తే 140 కేరట్ల పైచిలుకు తేలింది. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి కొన్నాడు కాబట్టి రీజెంట్ వజ్రం అంటారు. తర్వాత నెపోలియన్ దాన్ని తన కత్తి పిడిలో పొదిగించుకున్నాడు. ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. పిట్ మనవడు ఇంగ్లండుకు ప్రధాని అయ్యాడు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ ఊరు ఆ మనవడి పేరుదే.

## హైకోర్టు, జార్జ్‌టౌన్ దగ్గర

మొదటి ప్రపంచ యుద్ధంలో మద్రాసు మీద నిజంగా గుండ్లు పడ్డాయా?

పడ్డాయి. 1914 సెప్టెంబరు 22 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో జర్మనీ యుద్ధనౌక ఎమ్డెన్ దీపాలార్పుకుని తీరానికి వచ్చింది. అప్పటి లైట్‌హౌస్ హైకోర్టు భవనం గోపురం మీదే ఉండేది. అది ఎప్పటిలాగే వెలుగుతోంది. ఎమ్డెన్ సర్చిలైటు వేసి, హార్బరు పక్కనున్న కిరోసిన్ ట్యాంకుల మీద పది నిమిషాల పైచిలుకులో సుమారు 130 గుండ్లు పేల్చి వెళ్లిపోయింది. ట్యాంకులు అంటుకుని రాత్రంతా మండాయి. కనీసం ఐదుగురు చనిపోయారు. మర్నాటి నుంచి వేలమంది ఊరు విడిచి రైళ్లెక్కారు.

హైకోర్టు తూర్పు ప్రహరీ గోడకు ఈ సంగతి రాసిన చిన్న ఫలకం ఉంది. దాని ముందే బస్సులు, ఆటోలు, కొబ్బరిబోండాల బండ్లు. రోజూ అటు నుంచే ఆఫీసుకు వెళ్లే ఒకాయన మొన్న మాతో వచ్చి, పన్నెండేళ్లుగా చూడలేదే అంటూ దాని ముందు చాలాసేపు నిలబడిపోయారు. తమిళంలో గడుసువాణ్ణి ఇప్పటికీ "ఎమ్డన్" అంటారు.

ఎమ్డెన్‌లో చెంపకరామన్ పిళ్లై ఉన్నారని, ఆయనే దారి చూపారని వాట్సాప్‌లో వచ్చింది. నిజమా?

ఆయన ఓడలో ఉన్నారనడానికి ఆధారం లేదు. చెంపకరామన్ పిళ్లై నిజమైన దేశభక్తుడు, ఆ యుద్ధకాలంలో జర్మనీలో ఉండి బ్రిటిష్ పాలనకు వ్యతిరేకంగా పనిచేసినవారు. ఎమ్డెన్ మాత్రం జర్మనీ నుంచి కాదు, చైనా తీరంలోని చింగ్‌డావ్ స్థావరం నుంచి వచ్చింది.

మొదటి రెండేళ్లు నేనూ ఈ కథను నిజమనుకునే చెప్పాను. ఒకరోజు రిటైరైన మాస్టారొకరు పక్కకు పిలిచి, "ఎక్కడ చదివావమ్మా ఇది?" అని అడిగారు. చెప్పలేకపోయాను. ఇంటికెళ్లి వెతికితే అందరూ ఒకరి మాట ఒకరు తిప్పి రాసినవే తప్ప ఓడ సిబ్బంది వివరాల్లో ఎక్కడా లేదు. అంతకుముందు వచ్చినవాళ్లందరికీ ఫోన్లు చేసి సరిదిద్దాను.

ఎమ్డెన్ చివరికి ఏమైంది?

నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ దాన్ని ధ్వంసం చేసింది. 130 మందికి పైగా చనిపోయారు. నాకు బాగా నచ్చేది ఆ తర్వాతి కథ. టెలిగ్రాఫ్ కేంద్రాన్ని పాడుచేయడానికి దీవిలో దిగిన యాభైమంది అక్కడే మిగిలిపోయారు. వైర్‌లెస్ స్తంభం తమ టెన్నిస్ కోర్టు మీద పడకుండా కూల్చమని అక్కడి ఉద్యోగులు అడిగితే, జర్మన్లు అలాగే కూల్చారు. ఆ యాభైమందీ అయేషా అనే పాత తెరచాప ఓడెక్కి సుమత్రా వైపు వెళ్లి, అక్కణ్ణుంచి ఇంకో ఓడలో అరేబియా చేరి, ఎడారిలో పోరాడారు. వాళ్లలో బతికి బయటపడ్డవాళ్లు 1915 మేలో ఇస్తాంబుల్‌లో తేలారు. వాళ్లకు నాయకుడు హెల్ముట్ ఫాన్ మ్యూకె.

ఆర్మేనియన్ వీధిలో ఆర్మేనియన్లు ఉన్నారా ఇప్పుడు?

దాదాపు లేరు. వాళ్ల చర్చి ఉంది, ఆరు పెద్ద గంటలున్నాయి, గచ్చంతా సమాధి రాళ్లే. వాటి మీద నడవాల్సి వచ్చినప్పుడు కాళ్లు కాస్త నెమ్మదిస్తాయి.

ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక ఆర్మేనియాలో పుట్టలేదు, ఈ జార్జ్‌టౌన్‌లో పుట్టింది. 1794లో హారుత్యూన్ ష్మావోన్యాన్ అనే మతగురువు "అజ్దరార్" పేరుతో తెచ్చారు. ఆయన సమాధి ఈ ఆవరణలోనే ఉంది. స్వదేశం పరాయి పాలనలో ఉండగా, రాజు లేకుండా ఎన్నికైన సభ పాలించాలని రాసుకున్న రాజ్యాంగాన్ని కూడా మద్రాసు ఆర్మేనియన్లు ఇక్కడే అచ్చువేశారు. సొంత దేశం కోసం ఇంత దూరాన కూర్చుని అక్షరాలు పేర్చిన ఆ మనుషులను తలుచుకుంటే నాకు గొంతు పూడుకుపోతుంది.

అడయారు మీద సైదాపేట దగ్గర 1726లో వంతెన కట్టించిన పెట్రస్ ఉస్కాన్ కూడా ఆర్మేనియన్ వర్తకుడే. 1751లో ఇక్కడే పోయారు. గుండెను మాత్రం ఇరాన్‌లోని జుల్ఫాకు పంపించారు.

## మెరీనా వైపు

ఐస్ హౌస్‌లోకి అమెరికా నుంచి ఐస్ ఎలా వచ్చింది? దారిలో కరగలేదా?

పిల్లలందరూ అడిగేది ఇదే. కరిగింది, కానీ పూర్తిగా కాదు. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ చలికాలంలో గడ్డకట్టిన చెరువుల మీద గుర్రాలతో నాగళ్లలాంటివి లాగించి, మంచును దిమ్మలుగా కోయించేవాడు. దిమ్మలను గాలి చొరకుండా దగ్గర దగ్గరగా పేర్చి, చుట్టూ రంపపు పొట్టు దట్టించేవాడు. పొట్టులో చిక్కుకున్న గాలి వేడిని లోపలికి రానివ్వదు. 1833లో మొదటి ఓడ 180 టన్నులతో బయల్దేరి నాలుగు నెలల తర్వాత కలకత్తా చేరేసరికి ఇంకా సుమారు 100 టన్నులు మిగిలింది.

మద్రాసులో నిల్వకు 1842లో ఈ గుండ్రటి మేడ కట్టారు. మసాచుసెట్స్‌లోని వాల్డెన్ చెరువులో మంచు కోస్తుంటే చూసిన రచయిత థోరో, మద్రాసు జనం నా బావి నీళ్లు తాగుతున్నారని రాసుకున్నాడు. జ్వరం వచ్చిన దొరలకు, విందులకు ఆ ఐస్ వెళ్లేది. మామూలు జనానికి అందేది కాదు. మెషీన్లతో ఐస్ తయారీ వచ్చాక ఈ వ్యాపారం ఆగిపోయింది. 1897 ఫిబ్రవరిలో వివేకానందులు ఈ ఇంట్లోనే బస చేశారు.

## ఇంకో ఆదివారానికి

ఎవరెస్టు ఎత్తుకూ పరంగిమలైకీ ఏం సంబంధం?

ఎవరెస్టును కొలవడానికి వాడిన లెక్కల గొలుసుకట్టులో మొదటి గీత ఇక్కడే గీశారు. 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ పరంగిమలై, అంటే సెయింట్ థామస్ మౌంట్ దగ్గర నేల కొలత మొదలుపెట్టాడు. వంద అడుగుల ఉక్కు గొలుసును చెక్క పెట్టెల్లో పరిచి, ఎండకు ఉక్కు ఎంత సాగిందో థర్మామీటర్లతో చూసుకుంటూ, 400 సార్లు వేసి ఏడున్నర మైళ్లు కొలిచారు. 57 రోజులు పట్టింది, అదీ ఏప్రిల్, మే ఎండల్లో. ఆ గొలుసు చైనా చక్రవర్తికి కానుకగా వెళ్లి, ఆయన వద్దనడంతో తిరిగొచ్చినది. కోణాలు కొలిచే అరటన్ను థియోడొలైట్‌ను దారిలో ఫ్రెంచి ఓడ పట్టుకుని మారిషస్‌కు తీసుకుపోయింది. అక్కడివాళ్లు అదేమిటో తెలుసుకుని మర్యాదగా తిరిగి పంపారు.

ఆ గీత మీద ఒక త్రిభుజం, దాని భుజం మీద ఇంకోటి, అలా పేర్చుకుంటూ హిమాలయాల దాకా వెళ్లారు. 1856లో ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు. ఇప్పటి లెక్క 29,032. జెండాలు, తాడులు మోస్తూ అడవి జ్వరాలకు బలైన కూలీలు ఎందరో. శిఖరానికి మాత్రం ఒక అధికారి పేరు దక్కింది.

హీలియంను గుంటూరులో కనిపెట్టారని గర్వంగా చెప్పుకోవచ్చా?

చెప్పుకోవచ్చు, కానీ సరిగ్గా చెప్పుకుందాం. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సన్ గుంటూరు నుంచి చూశారు. గ్రహణం లేకపోయినా సూర్యుడి అంచు మంటలను వర్ణపటంలో చూడొచ్చని అక్కడే గ్రహించారు. మద్రాసు అబ్జర్వేటరీ అధికారి పాగ్సన్ మచిలీపట్నం నుంచి చూశారు. ఆ రోజు కనిపించిన పసుపు గీతను సోడియం అనుకున్నారు. అది కాదని, కొత్త మూలకమని తర్వాత తేల్చింది ఇంగ్లండులో లాకియర్. భూమ్మీద దాన్ని పట్టుకున్నది 1895లో రామ్సే.

అదే గ్రహణానికి మద్రాసు అబ్జర్వేటరీ నుంచి చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్లారు. అంతకు ఏడాది ముందే ఆయన ఒక చరతారను, అంటే వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాన్ని కనిపెట్టారు. వనపర్తి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒకావిడ, "మా ఊరి పేరు ఇందులో ఉందా!" అంటూ అక్కడికక్కడే ఇంటికి ఫోన్ చేశారు.

నుంగంబాకంలో తెలుగు అక్షరాలున్న రాతి స్తంభం ఎక్కడ?

వాతావరణ కేంద్రం ఆవరణలో. 1792లో కట్టిన మద్రాసు అబ్జర్వేటరీలో పరికరాలు నిలబెట్టిన గ్రానైటు స్తంభం అది. వెయ్యేళ్ల తర్వాతివాళ్లకు తెలియాలని తమిళం, తెలుగుతో పాటు ఇంకొన్ని భాషల్లో చెక్కించారు. లోపలికి ముందుగా అనుమతి కావాలి. 1906కు ముందు మన దేశపు రైళ్లు నడిచిన మద్రాసు టైము ఈ అబ్జర్వేటరీదే. ఇప్పటి టైముకంటే దాదాపు తొమ్మిది నిమిషాలు వెనక.

ఇంగ్లండు బళ్లకు మన ఇసుక పలక దారి చూపిందంటారు, ఎలా?

1789లో ఎగ్మోర్‌లోని అనాథ బాలుర బడిని ఆండ్రూ బెల్ చూసుకునేవాడు. పంతుళ్లు చాలరు. ఇక్కడి వీధిబడి పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి అదే పెట్టాడు. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పేలా ఏర్పాటు చేశాడు. 1797లో లండన్‌లో దాని గురించి అచ్చువేయించాక ఆ పద్ధతి వేల బళ్లకు పాకింది. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో ఇప్పటికీ "మద్రాస్ కాలేజ్" అనే హైస్కూలు ఉంది.

## ఇంటికెళ్లాక

ఇలాంటి కథ ఫోన్లో ఫార్వర్డ్ వస్తే నమ్మాలా వద్దా ఎలా తేల్చుకోవాలి?

మూడు చూడండి: తేదీ ఉందా, చోటు ఉందా, ఆ కాలంలోనే ఎవరైనా రాసిపెట్టారా. తర్వాత ఆ మనిషి ఆ రోజు అక్కడ ఉండే వీలుందా అని ఆలోచించండి. సంభాషణలు మాటకు మాట ఉన్నాయంటే ఎవరో అల్లినవే అయ్యుంటాయి. కన్నెమరా లైబ్రరీలో పాత గెజిటీర్లున్నాయి, ఒక పూట కూర్చుంటే చాలా తేలిపోతాయి.

మా అబ్బాయికి చరిత్ర అంటేనే టెన్షన్. ఏ కథతో మొదలుపెట్టమంటారు?

అమెరికా మంచు ఓడల్లో మద్రాసు వచ్చిన కథతో. ముందు ఏమీ చెప్పకండి. దగ్గర్లోని వడ్రంగి కొట్టులో రెండు గుప్పిళ్ల రంపపు పొట్టు అడిగి తెండి. రెండు ఐసు ముక్కలు తీసుకుని ఒకటి ఖాళీ గిన్నెలో, ఇంకోటి పొట్టు నిండా కప్పిన గిన్నెలో పెట్టి వంటింటి గట్టు మీద ఉంచండి. గంటసేపు ఆగి ముందు ఖాళీ గిన్నె చూడమనండి, తర్వాత రెండో గిన్నెలో పొట్టు తీసి వెతకమనండి. ఐసు ముక్క చేతికి తగిలాక ఓడ కథ మొదలుపెట్టండి.